చూసిన సినిమాల పద్దు

సినిమా పిచ్చి ఉన్నవాళ్లలో కొందరు బొమ్మ చూసి ఇంటికి రాగానే దాన్ని తేదీతో సహా ఒక పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఏ సినిమా, ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఏ ఆట, ఎవరితో కలిసి, టికెట్టు ఎంత అన్నీ అందులో ఉంటాయి. దీనికి ప్రత్యేకమైన పుస్తకం అక్కర్లేదు. బడి నోటుబుక్కులో మిగిలిన కాగితాలు, ఎవరో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ, ఈ మధ్య అయితే ఫోన్లో ఒక పట్టిక, ఏదైనా సరిపోతుంది. కొట్లో చిట్టా రాసినట్టు ఏ రోజు పద్దు ఆ రోజే పడాలన్నది మాత్రం మొదటి షరతు. వారం ఆగి రాస్తే తేదీ అటూ ఇటూ అవుతుంది, ఫస్ట్ షో కాస్తా సెకండ్ షో అయిపోతుంది, అక్కణ్నుంచి ఊహ మొదలవుతుంది.

పేరు రాయటంలో ఏముంది అనిపిస్తుంది గానీ తికమకలు అక్కడే పుడతాయి. ‘దేవదాసు’ అని రాసి ఊరుకుంటే అది 1953లో వేదాంతం రాఘవయ్య తీసిందో, 1974లో విజయనిర్మల తీసిందో, 2006లో వై.వి.ఎస్. చౌదరి తీసిందో పాతికేళ్ల తర్వాత పుస్తకం తెరిచినవాళ్లకు తెలియదు. ‘మాయాబజార్’ పేరుతో 1936లో ఒకటి, 1957లో ఒకటి, 2006లో ఒకటి వచ్చాయి. 1957 నాటి చిత్రానికే 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు కనుక, చూసింది నలుపు తెలుపు ప్రింటా, రంగులదా అన్నదీ రాయాలి. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు పేరు పక్కన విడుదలైన సంవత్సరం, దర్శకుడి పేరు వేస్తారు. డబ్బింగు చిత్రమైతే ఏ భాషలో చూశారో కూడా వేస్తారు. ‘రోజా’ను తమిళంలో చూడటం, తెలుగులో చూడటం ఒక్కటి కావు.

హాలు, ఆట, తరగతి అన్న మూడు గడులను కొత్తవాళ్లు తరచు వదిలేస్తారు. నిజానికి ఎక్కువ సంగతులు చెప్పేవి ఇవే. మార్నింగ్ షో, మ్యాటినీ, ఫస్ట్ షో, సెకండ్ షో అనే నాలుగింటిలో ఏది చూశారన్నది చూసినవాడి రోజు ఎలా గడిచేదో చెబుతుంది. కాలేజీ ఎగ్గొట్టినవాడి పద్దులో మ్యాటినీలు, కుటుంబంతో వెళ్లినవాడి పద్దులో ఫస్ట్ షోలు, పొద్దంతా కొట్లో కూర్చునేవాడి పద్దులో సెకండ్ షోలు కనిపిస్తాయి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్న వరస జేబు సంగతి చెబుతుంది. ఉద్యోగం వచ్చిన సంవత్సరం ఏదో వేరే రాయనక్కర్లేదు, నేల టికెట్టు ఆగిపోయిన పేజీ చూస్తే చాలు.

సినిమా విడుదల తేదీకీ చూసిన తేదీకీ మధ్య ఎడం మరో సంగతి చెబుతుంది. డిజిటల్ ప్రదర్శన రాకముందు 35 ఎంఎం ప్రింట్లు కొన్నే తీసేవారు. అవి ముందు పెద్ద పట్నాలకు, అక్కడ ఆడాక బి సెంటర్లకు, ఆ తర్వాత సి సెంటర్లకు, చివరికి గీతలు పడి, అతుకులతో టూరింగ్ టాకీసుల డేరాలకు చేరేవి. విజయవాడలో విడుదలైన చిత్రం ఒక పల్లెకు ఎన్ని నెలలకు వచ్చేదో ఆ పల్లె ప్రేక్షకుడి పద్దే సాక్ష్యం. ఇవాళ ఒకే శుక్రవారం అన్ని ఊళ్లలోనూ బొమ్మ పడుతోంది కాబట్టి ఈ ఎడం పోయింది. అమెరికాలో తెలుగు సినిమా ప్రీమియర్లు చాలాసార్లు ఇక్కడి విడుదల తేదీకి ఒక రోజు ముందే పడుతుంటాయి గనుక అక్కడివాళ్ల పద్దుల్లో ఇది తలకిందులై, చూసిన తేదీ విడుదల కంటే ముందుంటుంది. అది తప్పు కాదు. ఊరి పేరు వేసి ఉంటే చదివేవాళ్లకు అర్థమవుతుంది.

బొమ్మ మొదలయ్యే ముందు తెరమీద కొన్ని క్షణాలు కనిపించే సెన్సారు సర్టిఫికెట్‌ను చదవటం ఈ విద్యలో కొంచెం పై తరగతి. అందులో సర్టిఫికెట్ నంబరు, తేదీ, చిత్రం నిడివి ఉంటాయి, ఫిల్మ్ రోజుల్లో రీళ్ల సంఖ్య కూడా ఉండేది. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు అంటే సుమారు 11 నిమిషాలు. 16 రీళ్లని కనబడితే మూడు గంటలకు కొంచెం తక్కువని హాల్లో దీపాలు ఆరేలోపే లెక్క తేలిపోతుంది. సర్టిఫికెట్ మీద త్రికోణం గుర్తు ఉంటే బోర్డు కత్తిరింపులు చెప్పిందని అర్థం. ఇంత చాదస్తం ఎందుకంటే, హాల్లో ఆడే బొమ్మ ఎప్పుడూ ఒకలాగే ఉండదు. నిడివి ఎక్కువైందని విడుదలయ్యాక ఒక పాట ఎత్తేయటం, ఆట వేళకు కుదరలేదని కొన్ని ఊళ్లలో కొంత కోసేయటం, యాభై రోజులయ్యాక కొత్త సన్నివేశాలు కలిపామని పోస్టరు వేయటం అందరికీ తెలిసిన వాడుకలే. ‘రెండో పాట లేదు’ అని ఒక ముక్క రాసి పెట్టుకున్నవాడి దగ్గర, మరెక్కడా దొరకని సమాచారం ఉన్నట్టే.

పద్దు పక్కనే కాగితాలూ పోగుపడతాయి. గేటు దగ్గర సగం చింపి ఇచ్చిన టికెట్టు ముక్క, హాలు బయట అమ్మిన పాటల పుస్తకం, పేపర్లోంచి కత్తిరించిన ప్రకటన, వీటిలో పాటల పుస్తకం విలువే వేరు. పలచటి కాగితం మీద అచ్చయిన ఆ కొద్ది పేజీల్లో నటీనటులు, సాంకేతిక నిపుణులు, పాటల పూర్తి పాఠం, కథాసంగ్రహం ఉండేవి. కథ సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆగి, మిగతాది వెండితెర మీద చూడమనేది. ప్రింటు పోయిన చిత్రాల విషయంలో గాయకుల, రచయితల పేర్లు తేలటానికి చాలాసార్లు ఇదొక్కటే ఆధారం. కాన్పూరుకు చెందిన హర్‌మందిర్ సింగ్ ‘హమ్‌రాజ్’ దశాబ్దాల వారీగా కూర్చిన ‘హిందీ ఫిల్మ్ గీత్ కోశ్’ సంపుటాలకు ఇలాంటి పాటల పుస్తకాలే ప్రధానమైన ముడిసరుకు.

ఏది చూసినట్టు లెక్క? దీని మీద అభిమానుల్లో తెగని వాదం ఉంది. సగంలో లేచి వచ్చేసిన సినిమా, వీడియో కోచ్ బస్సులో పతాక సన్నివేశానికి ముందే ఊరు వచ్చేసిన సినిమా, దూరదర్శన్‌లో కరెంటు పోయి వచ్చేసరికి అయిపోయిన సినిమా ఏ ఖాతాలోకి వస్తాయి? ఆకాశవాణిలో ‘సంక్షిప్త శబ్ద చిత్రం’గా విన్నవాటికి వేరే పేజీ పెట్టుకున్నవాళ్లూ ఉంటారు, అది సబబే. తెర మీద ఒక్కసారీ చూడకుండానే సంభాషణలన్నీ నోటికి వచ్చిన సినిమాలు ఒక తరానికి చాలానే ఉన్నాయి. రెండోసారి చూసినదాన్ని కొత్త వరసలో వేయాలా, పాత పద్దు పక్కన గీత గీయాలా అన్నది మరో పేచీ. కొత్త వరసలో వేయటమే మంచిది, ఎందుకంటే మారినది తేదీ ఒక్కటే కాదు, హాలు, తోడు, వయసు కూడా. 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న రీరిలీజుల తర్వాత ఈ ప్రశ్న ఇంకా ముదిరింది. పదహారేళ్ల కింద చూసిన బొమ్మను కాగితాల వాన మధ్య, పాటలకు లేచి గెంతుతూ చూసినదాన్ని పాత పద్దులో కలిపేస్తే రెండూ చెడతాయి. ఏ నియమమైనా పరవాలేదు గానీ మొదట పెట్టుకున్నది మధ్యలో మార్చకూడదు. మారిస్తే ఆ సంవత్సరం దగ్గర గీత గీసి కారణం రాయాలి.

తెలుగు అభిమానుల దగ్గర దీనికి దాయాది లాంటి మరో సంప్రదాయం ఉంది. అది సొంత పద్దు కాదు, హీరో పద్దు. ఏ సినిమా ఎన్ని సెంటర్లలో వంద రోజులాడింది, ఎక్కడ రజతోత్సవం జరుపుకుంది, ఎక్కడ ఒకే హాల్లో నేరుగా ఆడింది, ఎక్కడ హాళ్లు మారుస్తూ షిఫ్టింగులతో లాక్కొచ్చారు అన్న లెక్కలు పేపరు ప్రకటనల ఆధారంగా దాచేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. శ్రమ చూస్తే ముచ్చటేస్తుంది గానీ ఈ లెక్కలను ఆచితూచి నమ్మాలి. ప్రకటన వేయించేది సినిమా అమ్ముకునేవాళ్లు, దాచేది అభిమాని. ఇద్దరికీ అంకె పెద్దదిగా ఉండాలనే కోరిక. అదే అభిమాని తన టికెట్టు ముక్క వెనక రాసుకున్న తేదీకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. అయితే తేదీలు గుర్తుంచుకునే ఈ అలవాటు వల్ల కొన్ని సరదా సంగతులూ బయటపడ్డాయి. ‘అడవి రాముడు’ 1977లో, ‘పోకిరి’ 2006లో, ‘బాహుబలి’ రెండో భాగం 2017లో, మూడూ ఏప్రిల్ 28నే విడుదలయ్యాయి.

మార్కులు వేయటం ఇప్పుడు అందరూ చేసే పని. న్యూజిలాండ్‌లో 2011లో మొదలైన లెటర్‌బాక్స్‌డ్ లాంటి ఆప్‌లు తేదీ వారీ డైరీతో పాటు అర నక్షత్రం నుంచి ఐదు దాకా వేసుకునే వీలిచ్చాయి. కానీ పద్దులో అన్నిటికంటే త్వరగా పాతబడేవి ఈ నక్షత్రాలే. ఇరవై ఏళ్లప్పుడు ఐదు వేసిన సినిమాకు నలభైలో రెండున్నర వేస్తాడు. హాలు పేరు మాత్రం అలాగే ఉంటుంది. అమెరికా దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్ ఏటేటా తాను చూసినవీ చదివినవీ తేదీల వారీగా ప్రకటిస్తుంటాడు. అందులో పేర్లు, తేదీలు తప్ప అభిప్రాయాలుండవు. అయినా ఒక దర్శకుడు ఏ సినిమా తీస్తున్నప్పుడు ఏ పాత చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూశాడో అందులో తెలిసిపోతుంది.

సొంత పద్దు ఊరందరి పద్దు కావటానికి మంచి ఉదాహరణ ఐఎండీబీ. ఇంగ్లండుకు చెందిన కోల్ నీధమ్ కుర్రతనంలో ఏ సినిమా చూశాడో ఏది చూడలేదో గుర్తుండక ఒక డైరీలో రాయటం మొదలుపెట్టి, తర్వాత దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తనలాంటి మరికొందరు అభిమానుల జాబితాలూ కలిశాక 1990లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. 1998లో అమెజాన్ దాన్ని కొనేసింది. మన దగ్గర పుణేలోని నేషనల్ ఫిలిం ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె. నాయర్ చిన్నతనంలో సినిమా టికెట్టు ముక్కలు, చివరికి బరువు తూచే యంత్రం ఇచ్చే తారల బొమ్మల చీటీలు కూడా దాచుకున్నాడు. దేశం నలుమూలలా తిరిగి రీలుపెట్టెలు వెదికి తెచ్చిన మనిషి మొదట దాచింది ఆ చీటీలనే. ఆయన మీద 2012లో ‘సెల్యులాయిడ్ మ్యాన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. మద్రాసులో ఫిలింన్యూస్ ఆనందన్ దశాబ్దాల పాటు ఒంటిచేత్తో రాసి కూడబెట్టిన తమిళ చిత్రాల వివరాలను తమిళనాడు ప్రభుత్వమే తీసుకుంది.

అలా రాసిపెట్టినవాళ్లు కరువైతే ఏమవుతుందో చెప్పటానికి తెలుగు సినిమా పుట్టినరోజు కథ చాలు. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ ఒకదాన్ని చూసి మరొకటి రాశాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ నాటి పత్రికలు, సెన్సారు వివరాలు వెదికి అది తప్పని తేల్చాడు. చిత్రానికి సెన్సారు జరిగింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా థియేటర్లో మొదట ప్రదర్శించింది అదే సంవత్సరం ఫిబ్రవరి 6న. సినిమా ప్రింటు ఇప్పుడు లేదు. ఆ హాల్లో ఆనాడు కూర్చున్నవాళ్లలో ఎవరి డైరీ అయినా ఒకటి మిగిలి ఉంటే ఇంత వెదుకులాట పట్టేది కాదు.

చరిత్రకు పనికొచ్చినా రాకపోయినా రాసుకున్నవాడికి మాత్రం పద్దు అద్దం పడుతుంది, అది అన్నిసార్లూ రుచించదు. కళాత్మక చిత్రాలంటే ప్రాణమని చెప్పుకునేవాడి పుస్తకంలో ఏడాదంతా ఫైటింగు సినిమాలే ఉండొచ్చు. ఒక హీరోకు వీరాభిమానిని అనుకునేవాడు ఆ హీరో సినిమాలకంటే వేరొకరివే ఎక్కువ చూసి ఉండొచ్చు. సంక్రాంతికీ వేసవికీ కిక్కిరిసిన పేజీలు, పరీక్షల నెలల్లో ఖాళీలు, పెళ్లయ్యాక మారిపోయిన ఆట వేళలు, ఇంట్లో చావు జరిగిన ఏడాది ఒక్క పద్దూ లేకపోవటం ఏ వ్యాఖ్యా లేకుండానే కనిపిస్తాయి. ఓటీటీ వచ్చాక హాలు గడి చాలా పుస్తకాల్లో బోసిపోయింది. ‘ఇంట్లో’ అన్న మాటే వరసగా పడుతోంది. అలాంటప్పుడు ఏ గదిలో, ఎవరితో, ఒకే విడతలోనా నాలుగు రాత్రుల్లోనా అని రాసుకోవటం మంచిది.

ఇక దాచటం. మైదా జిగురుతో టికెట్లు అంటిస్తే పురుగు పడుతుంది, కాగితపు కవర్లలో వేసుకోవటం మేలు. మల్టీప్లెక్సులు ఇచ్చే థర్మల్ కాగితపు చీటీలు వేడికి, వెలుతురుకు కొన్నాళ్లలోనే తెల్లబోతాయి. వాటి మీది వివరాలను ఆ రోజే పుస్తకంలోకి ఎక్కించాలి, లేదా ఫొటో తీసి ఉంచాలి. ఆప్‌లో రాసేవాళ్లు ఏడాదికోసారి తమ జాబితా మొత్తాన్ని దింపుకుని అచ్చు తీసి పెట్టుకోవాలి. ఏ సంస్థ ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లు రాసిన ఇలాంటి పుస్తకం అటక మీద ఉంటే దాన్ని పాతపేపర్ల తూకంలో కలిపేయకండి. ప్రతి పేజీ ఫొటో తీయండి, పెద్దవాళ్లుండగానే కూర్చోబెట్టి ఆ హాళ్లు ఎక్కడుండేవో అడిగి పక్కన రాయండి.