లాకుల దగ్గర పెద్దాయన

ధవళేశ్వరంలో లాకుల దగ్గర గాలం వేసే పెద్దాయన పోయిన నెల కన్నుమూశారు. ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరైన మనిషి. పేపర్లో వార్త రాలేదు. కానీ దినం నాడు వచ్చిన జనాన్ని చూసి దూరపు చుట్టాలు ఆశ్చర్యపోయారు. పడవవాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు, ఇంజినీరింగు చదివే కుర్రాళ్లు, ఒక రిటైర్డ్ తాసీల్దారు. "వీళ్లందరికీ ఈయన ఏమవుతారండీ?" అని ఒకావిడ నన్నడిగింది. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

గాలం పట్టినవాళ్లు చేప పడే చోటు ఎవరికీ చెప్పరు. అన్నదమ్ములు కూడా చెప్పుకోరు. ఈయన అడగనివాళ్లని సైతం పిలిచి చెప్పేవారు. "ఒరే అబ్బాయ్, అక్కడ నీళ్లు పరిగెడుతున్నాయి, చేప ఎందుకు నిలబడుతుందిరా? ఇలా రా, ఈ గోడ మొదట్లో నీరు తిరిగి మెత్తబడుతోంది చూడు" అంటూ పక్కకి జరిగి తన చోటే ఇచ్చేవారు. ఆ కుర్రాడికి చేప పడితే ఈయన ముఖం వెలిగిపోయేది.

నాకు నేర్పింది కూడా అలాగే. మొదటి పాఠం లోతు. బొచ్చె పైనీటిలో తిరుగుతుంది, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. శీలావతి నడిమి నీటిలో మేస్తుంది. మోసు అడుగున బురద వెతుక్కుంటుంది. చెరువుల రైతులు ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచేది ఈ ధర్మం తెలిసే. గాలం వేసేవాడికి ఇదంతా బెండు దగ్గర తేలిపోతుంది. దారం మీద బెండుని జానెడు పైకి జరిపితే ఎర ఆ జానెడూ కిందికి దిగుతుంది. చుట్టూ అందరూ ఒకే లోతున ఎర వేసి కూర్చున్న రోజున ఆయన బెండు జరిపి, మళ్లీ జరిపి, చేప ఏ మట్టంలో ఉందో కనిపెట్టేవారు. ఖరీదైన రీలు రాడ్లు తెచ్చుకున్నవాళ్ల పక్కన ఆయనది వెదురు కర్ర, నెమలి ఈక కాడతో చేసుకున్న బెండు. ఎరకి ఎర్రలు, లేదంటే తవుడు కలిపిన గోధుమపిండి ముద్ద. ఎర్రల డబ్బా మీద ఎప్పుడూ తడిగుడ్డ కప్పి ఉండేది. ఎండకి ఎర్ర వాడిపోతే ఆయన ఊరుకునేవారు కాదు.

రెండో పాఠం బెండు ఆట. పరిగెలు చేరితే అది చిటుకు చిటుకుమని వణుకుతుంది. అప్పుడు కర్ర ఎత్తితే ఖాళీ ముల్లే వస్తుంది. జెల్ల ఎర మింగి పక్కకి ఈడ్చుకుపోతుంది. మోసు అడుగున ఎర ఎత్తుకుని లేస్తే, నిటారుగా ఉన్న బెండు నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. ఎత్తాల్సిన క్షణం అదేనట. ఇవి నాకు బుద్ధికి తొందరగానే ఎక్కాయి, చేతికి ఎక్కడానికే చాలా కాలం పట్టింది. జెల్లని ముల్లు నుంచి విడదీయడం పిల్లలకి ఆయనే దగ్గరుండి నేర్పేవారు. వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్లు వేళ్ల సందున ఉండేలా వెనకనుంచి పట్టుకోవాలి. అది గుచ్చుకుంటే సలుపు ఎలా ఉంటుందో గోదావరి ఒడ్డువాళ్లకి చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం ఆయనకి నీటిమట్టం నేర్పింది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టింది. ఇక్కడ నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ఆ అంకెలు వినగానే మనకి లంక గ్రామాలు గుర్తుకొస్తాయి. ఆయనకి వాటితోపాటు చేపలూ గుర్తుకొచ్చేవి. గేట్లు ఎత్తి ఎర్రనీరు పోటెత్తితే చేప ఉరవడి తప్పించుకుని అంచులకి చేరుతుంది, గట్టు పక్కనే బుట్టలకొద్దీ దొరుకుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన కర్ర చూరులో పెట్టేసేవారు. బొచ్చె, శీలావతి, మోసు వరదకే గుడ్లు పెడతాయి. "కడుపుతో ఉన్నదాన్ని పట్టుకుని ఏం తింటాంరా" అనేవారు. ఊరంతా పులస కోసం ఎగబడుతుంటే ఈయన గట్టు మీద చేతులు కట్టుకుని వలల పడవల్ని చూస్తూ నిలబడేవారు. పులస గాలానికి వచ్చే చేప కాదు కదా, అయినా ఆ వలలు చూడ్డం ఆయనకి ఇష్టం.

మన విశ్వవిద్యాలయాల్లో చేపల మీద పరిశోధన జరుగుతోంది, జరగాలి కూడా. కానీ ఏ గోడ మొదట్లో నీరు ఎప్పుడు మెత్తబడుతుందో తెలిసిన ఇలాంటి మనిషి దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని ఎవరూ వచ్చినట్టు నేను చూడలేదు. ఆ లోటు నన్ను బాధపెడుతోంది. ఆయన చెప్పినవి గుర్తున్నంతవరకు రాసిపెట్టుకుంటున్నాను, ఇక్కడ రాసింది అందులో కొంతే.

వాలుగ సంగతి మాత్రం నాకు అందలేదు. అది మాంసాహారి, చీకటి పడ్డాక వేటకి తిరుగుతుంది. దానికి బతికున్న పరిగెను ఎరగా గుచ్చాలి, దారం వేరు, ముల్లు వేరు. "చలికాలం రానీండి, చూపిస్తాను" అన్నారు. దినం భోజనాల దగ్గర ఈ మాట అంటే, పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు విస్తట్లోంచి తలెత్తాడు. రాత్రిళ్లు ఆయనతో వెళ్లింది తనేనట. "నాకు చూపించారండీ. ఎక్కడ వేయాలో, ఎప్పుడు లాగాలో. శనివారం రాత్రి టార్చి పట్టుకుని లాకుల దగ్గరికి రండి సార్" అన్నాడు.