బొమ్మ పక్కన నిలబడే గొంతు

బొమ్మల కథను విమర్శించటమంటే కథ బాగుందో లేదో చెప్పటంతో తీరిపోయే పని కాదు. ఎవరి ఒంటికి ఏ రంగు వేశారు, ఎవరిని చట్రం నడుమ నిలిపి ఎవరిని అంచుకు జరిపారు, ఎవరికి మాట ఇచ్చి ఎవరికి మౌనం మిగిల్చారు అనే మూడు ప్రశ్నలను ఒకదానితో ఒకటి కలిపి అడగటమే ఆ విద్యకు మూలం. ఈ ప్రశ్నలు కామిక్స్ పుస్తకాలకూ, క్యాలెండర్ బొమ్మలకూ, పెద్దతెర సినిమాలకూ సమానంగా వర్తిస్తాయి. పాశ్చాత్య దేశాల్లో ఈ విమర్శ రెండు భావనల చుట్టూ పెరిగింది: ఒకటి జాతి, అంటే చర్మపు రంగును బట్టి మనుషులకు ఎక్కువతక్కువలు కట్టే ఊహ, రెండోది జెండర్, అంటే ఆడ, మగ అనే తేడాకు సమాజం అంటగట్టిన విలువలు, విధులు. తెలుగు నేల మీద అదే పని చేయాలంటే జాతి అన్నచోట కులాన్నీ ఆదివాసీ అస్తిత్వాన్నీ పెట్టుకొని చదవక తప్పదు, ఎందుకంటే ఇక్కడి బొమ్మల్లో ఒంటిరంగు చాలాసార్లు కులం చేసే పనే చేస్తుంది.

ఇటువంటి చదువుకు కొండగట్టు మంచి మొదలు. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో, మల్యాల మండలం ముత్యంపేట దగ్గరి ఈ గుట్ట, ఆంజనేయుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతున్నప్పుడు విరిగిపడిన ముక్క అని స్థలపురాణం చెబుతుంది. అంజన్న దీక్షాపరుల ఇళ్లలో పటం కట్టించి పెట్టుకునే బొమ్మల్లో ప్రసిద్ధమైనదీ ఆ ఘట్టమే: ఒక చేత గద, మరో చేత కొండ, కింద సముద్రం, ఆకాశంలో ఒంటరిగా హనుమంతుడు. అయితే వాల్మీకి యుద్ధకాండలో ఇంద్రజిత్తు అస్త్రానికి రామలక్ష్మణులతో సహా సేనంతా నేలకూలినప్పుడు, ఓషధుల కొండ ఎక్కడుందో, అందులో ఏ మొక్క ఏ పనికి వస్తుందో చెప్పినవాడు ఒళ్లంతా బాణాలతో పడి ఉన్న ముసలి జాంబవంతుడు. సముద్రం దాటేముందు హనుమంతుడికి అతని బలాన్ని గుర్తుచేసినవాడూ ఆయనే. ఎగిరే బొమ్మలో ఆయనకు చోటు లేదు. చోటు దొరికిన బొమ్మల పుస్తకాల్లోనూ ఆయన సాధారణంగా నల్లటి ఎలుగుబంటి ముఖంతో, గుంపులో ఒక పక్కన నిలబడి ఉంటాడు.

ఇదే జాంబవంతుడు ఉత్తర తెలంగాణ మాదిగ వాడల్లో మరొక రూపంలో కనిపిస్తాడు. జాంబపురాణంగా పిలిచే కథలో ఆయన భూమి పుట్టకముందే పుట్టినవాడు, మాదిగలకు మూలపురుషుడు. ఆ కథను మాదిగలకు చెప్పేవారు డక్కలివారు; పటం, అంటే వరుసగా బొమ్మలు గీసిన పొడవాటి గుడ్డ, విప్పి కట్టి ఒక్కో ఘట్టాన్ని చూపిస్తూ పాడటం వారి వృత్తి. చిందువారు ఆ పురాణాన్నే వేషం కట్టి ఆడతారు, అందులో జాంబవంతుడు బ్రాహ్మణుడితో ఎదురుబదురుగా వాదానికి దిగుతాడు. ఒక బొమ్మలో అంచున నిలబడిన ఎలుగు మరొక బొమ్మలో వాదించే తాత్వికుడు కావటానికి కారణం చిత్రకారుడి ప్రతిభలో ఉన్న తేడా కాదు. బొమ్మ ఎవరి కోసం గీశారు, దాని పక్కన నిలబడి కథ ఎవరు చెబుతున్నారు అన్నదే ఆ తేడాను నిర్ణయించింది. బొమ్మల కథల విమర్శ ఈ విషయం దగ్గర చాలాసేపు ఆగాలి.

పటం కథల వ్యవస్థ ఎంత విస్తృతమైనదో చెప్పుకుంటే ఈ మాట ఇంకా బలపడుతుంది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణం చెబుతారు. ఇలా ప్రతి శ్రమజీవి కులానికీ తనదైన ఆదికథ, ఆ కథకు తనదైన బొమ్మ, ఆ బొమ్మను మోసుకు తిరిగే తనదైన ఆశ్రిత కులం ఉండేవి. ఈ పటాలు గీసేవారు నకాషీలు. చేర్యాల ఊరి పేరుతో ఇప్పుడు ప్రపంచానికి తెలిసిన బొమ్మలు వారివే. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి, గంజి కలిపి పూతలు పూసి, ఎర్రటి నేపథ్యం మీద కథను అడ్డవరుసలుగా గీసుకుంటూ పోయే ఈ పద్ధతికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చట్రాలుగా విడగొట్టటం, ఒకే పాత్రను మళ్లీ మళ్లీ గీయటం ద్వారా కాలం గడిచిందని తెలపటం, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూలతీగ అంచుతో విరామం ఇవ్వటం వంటి కామిక్స్ శిల్పంలోని ముఖ్య లక్షణాలన్నీ అచ్చుయంత్రం రాకముందే ఇక్కడ ఉన్నాయి.

అలాగని ఈ సంప్రదాయాన్ని నిర్దోషిగా చూపితే విమర్శ తన పని మానుకున్నట్టే. నకాషీ పటాల్లో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు గులాబీ ఛాయ వాడి, రాక్షసులకు గోధుమ, ముదురు రంగులు వాడటం అలవాటుగా వస్తున్నది. అంటే చెడుకు ముదురు రంగు పూసే పని అచ్చు కామిక్స్‌తో మొదలు కాలేదు. మూలపురుషుడి కథ చెప్పి మాదిగలకు గౌరవం నిలబెట్టే డక్కలివారిని మాదిగ ఇళ్లలోకే రానివ్వని కాలం ఉంది. కథ చెప్పే హక్కు ఉండటం, మనిషిగా సమానత ఉండటం ఒకటి కావని ఈ ఉదాహరణ చూపినంత సూటిగా మరొకటి చూపదు. ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి: చిందు ఆటలో స్త్రీలు వేషం కట్టి రంగం మీద నిలబడతారు, నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆ కళకే మారుపేరుగా ఎదిగింది. పసుపు ఛాయ పూసి దేవతను చేసిన ఆడమనిషి బొమ్మకూ, ముఖానికి రంగు తానే పూసుకొని ప్రేక్షకుల ముందు పద్యం ఎత్తుకునే ఆడమనిషికీ ఉన్న దూరం ఈ రంగంలోని జెండర్ చర్చకు అసలైన ముడిసరుకు.

అచ్చు కాలం ఈ బహుళత్వాన్ని కుదించింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామ, అనంత్ పాయ్ సంపాదకత్వంలో 1967లో మొదలై తెలుగుతో సహా అనేక భాషల్లో వెలువడిన అమర్ చిత్ర కథ, తెలుగు పిల్లల కళ్లకు పురాణాలను పరిచయం చేసిన రెండు పెద్ద వాకిళ్లు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లోని రంగుల పొందికనూ, శంకర్ గీసిన విక్రమార్క బేతాళుల రేఖలోని పట్టునూ తక్కువ చేయనవసరం లేదు. కానీ కులానికొక పటం ఉన్న నేల మీదికి అందరికీ ఒకే బొమ్మ వచ్చినప్పుడు, ఆ ఒక్క బొమ్మలో రాజు, ఋషి, నాయిక తెల్లగా, అసురుడు నల్లగా, పెద్ద శరీరంతో, బయటికి పొడుచుకొచ్చిన పళ్లతో ఉండటం ఒక తరం ఊహలో స్థిరపడిపోయింది. మార్టినిక్ ద్వీపంలో పుట్టిన మనోవైద్యుడు ఫ్రాంజ్ ఫానన్ 1952లో వెలువడిన తన తొలి పుస్తకంలో, టార్జాన్ వంటి బొమ్మల కథలు చదివే నల్లజాతి పిల్లలు తెల్ల వీరుడి పక్షాన నిలబడి, అడవి మనుషులుగా చూపబడిన తమలాంటివారినే శత్రువులుగా ఊహించుకుంటారని గమనించాడు. ఆదిలాబాద్ గోండు గూడెంలోని పిల్లవాడు అసురుడి బొమ్మను చూసినప్పుడు ఏ పక్షాన నిలబడతాడన్న ప్రశ్నను ఫానన్ తరువాత ఎవరూ దాటవేయలేరు.

మేడారం దీనికి అతి దగ్గరి ఉదాహరణ. రెండేళ్లకొకసారి జాతర జరిగే ఆ గద్దెల మీద సమ్మక్క సారలమ్మలకు విగ్రహాలు లేవు. వెదురు, కుంకుమ భరిణె, కోయ పూజారుల చేతి పద్ధతులు మాత్రమే ఉన్నాయి. రూపం లేని ఆ తల్లికి క్యాలెండర్లు రూపం ఇచ్చినప్పుడు ఆమె కిరీటం, పట్టుచీర, తెల్లని మేనిఛాయతో పులి మీద కూర్చుంది. భక్తిలో లోపం వల్ల అలా గీశారని అనలేము. పూజకు అర్హమైన ఆడరూపం ఎలా ఉండాలో అచ్చు బొమ్మలు అంతకుముందే నేర్పి ఉండటం వల్ల కోయ స్త్రీ తన జాతరలోనే తన ఛాయను కోల్పోయింది.

సినిమా దగ్గరికి వస్తే ప్రశ్న తలకిందులవుతుంది, ఎందుకంటే ఈ మధ్యకాలపు తెలుగు సినిమా నల్లటి ఒంటిని దాచటం మాని, దాన్ని మేకప్‌తో తయారుచేస్తున్నది. 2021 డిసెంబరులో వచ్చిన పుష్పలో నాయకుడికీ నాయికకూ ఒళ్లు నలుపు చేశారు. సింగరేణి బొగ్గు పల్లె నేపథ్యంతో 2023 మార్చిలో వచ్చిన దసరాలోనూ అదే పద్ధతి కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ నాటకశాలల్లో తెల్ల నటులు ముఖానికి మసి పూసుకొని నల్లవారిని అనుకరించిన ఆటను బ్లాక్‌ఫేస్ అంటారు; అక్కడి ఉద్దేశం ఎగతాళి, ఇక్కడి ఉద్దేశం వీరత్వాన్ని శ్రామికుడికి ఇవ్వటం, కాబట్టి రెంటినీ ఒకటిగా కట్టటం న్యాయం కాదు. అయినా ఆ రంగుతో పుట్టినవారికి ఆ పాత్ర ఎందుకు దక్కదు అనే ప్రశ్న రెండుచోట్లా మిగులుతుంది. దసరాలో గోదావరిఖని యాస ఉంది, బొగ్గు దుమ్ము ఉంది, కల్లు ఉంది, ఆ ప్రాంతపు మనుషులు తెర మీద తమ మాట విన్నారన్న సంతోషం కూడా నిజమైనదే. అయితే వెన్నెల అనే నాయిక బతుకును మలుపు తిప్పే ఘట్టంలో, పెళ్లయిన వెంటనే భర్త హతుడైన తరువాత, నాయకుడు ఆమెను అడగకుండానే ఆమె మెడలో తాళి కడతాడు. ఆ చట్రంలో కెమెరా ఆమె నిర్ణయం కోసం ఎదురుచూడదు. ఒంటిరంగు విషయంలో ధైర్యం చేసిన సినిమా మాట విషయంలో వెనక్కి తగ్గింది.

ఆర్ఆర్ఆర్ మరింత సుదీర్ఘమైన పరిశీలనకు తగినది. 2022 మార్చి 25న విడుదలైన రాజమౌళి సినిమా అల్లూరి సీతారామరాజు, కొమరం భీంల మధ్య ఒక ఊహాజనిత స్నేహాన్ని అల్లింది, అది కల్పన అని ముందే చెప్పింది కూడా. కల్పనకు స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ ఏ దిక్కుకు మొగ్గిందో చూడటం విమర్శ పని. రాముడి పేరుగలవాడు చివరికి విల్లంబులు పట్టి కాషాయంలో నిలబడతాడు, భీం అతణ్ని చెరసాల నుంచి భుజాల మీద ఎక్కించుకొని మోస్తాడు. కొండగట్టు భక్తులకు చిరపరిచితమైన రామ హనుమంతుల బొమ్మే ఇక్కడ ఒక ఆదివాసీ వీరుడి మీద పరచబడింది. హనుమంతుడిని చిన్నచూపు చూడటం దీని అర్థం కాదు, కానీ 1940లో జోడేఘాట్ గుట్టల్లో తన ప్రజల కోసం నిజాం పోలీసులతో పోరాడి చనిపోయిన నాయకుడు మరొకరి కథలో సేవకుడి స్థానానికి జరిగాడన్నది చట్రం చెబుతున్న నిజం. ముగింపులో భీం కోరుకునేది చదువు. అతని పోరాటానికే పేరుగా నిలిచిన జల్, జంగల్, జమీన్ అనే మాటలను జెండా మీద రాసేది రామరాజు. ఆదిలాబాద్ ప్రాంతంలోనే గుంజాల అనే గ్రామంలో గోండి భాషకు స్వంత లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయని, ఆ లిపి 2018లో కంప్యూటర్ అక్షరాల ప్రపంచ ప్రమాణమైన యూనికోడ్‌లో చేరిందని తెలిసిన పాఠకుడికి, అక్షరం బయటినుంచి వచ్చి ఆదివాసీని ఉద్ధరించే ఆ దృశ్యం బాధ కలిగించక మానదు.

ఆ సినిమా మొత్తానికి నిప్పు రాజేసిన మల్లి గురించి చాలా తక్కువమంది రాశారు. దొరసాని చేతి మీద అందమైన ముగ్గు గీసిన పిల్ల ఆమె. ఆ చేతి విద్యే ఆమెను కొనుగోలు సరుకును చేసింది, తల్లి ముందు నాణేలు విసిరి పిల్లను ఎత్తుకుపోయారు. ఆ తరువాత కథంతా మల్లి కోసమే నడుస్తుంది, కానీ మల్లి మళ్లీ ఒక్క బొమ్మా గీయదు. అమెరికన్ కామిక్స్ రచయిత్రి ఆలిసన్ బెక్డెల్ 1985లో తన బొమ్మల కథలో ఒక చిన్న పరీక్ష పెట్టింది: కథలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఇంకేదైనా అయివుండాలి. ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన కథ గొప్పది కాదు, ఓడినంత మాత్రాన చెడ్డదీ కాదు; కానీ కళాకారిణి అయిన పిల్లను కథకు కారణంగా వాడుకొని ఆమె కళను మరిచిపోయిన తీరును పట్టుకోవటానికి ఇంత తేలికైన సాధనం మరొకటి లేదు.

మల్లి మరిచిన గీతను కామిక్స్ ప్రపంచంలో తిరిగి అందుకున్నవారు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. నవయాన ప్రచురణగా 2011లో వచ్చిన భీమాయణ అనే పుస్తకంలో వారు అంబేడ్కర్ జీవితంలోని అంటరానితనపు అనుభవాలను బొమ్మలుగా గీశారు. పర్ధాన్లు గోండులకు వంశకథలు పాడే ఆశ్రితులు, ఆదిలాబాద్‌లో ఇప్పటికీ కీక్రి అనే తీగవాద్యంతో ఆ కథలు పాడుతున్నవారు. పటం పక్కన నిలబడే కథకుడికి వారు దగ్గరి బంధువులు. మనుషుల్ని పెట్టెల్లో బంధించటం ఇష్టం లేక ఈ చిత్రకారులు కామిక్స్ గళ్లను వదిలేసి, గోండు ఇళ్ల గోడల మీద వేసే అలంకారపు అల్లికతోనే పుటను విభజించారు. మాట రాసే బుడగలనూ మార్చారు: మెత్తని మాటలకు పక్షి ఆకారం, కులం పేరుతో కుట్టే మాటలకు తేలు కొండి. దాహంతో నీళ్లు అడిగే బాలుడి ఒళ్లు ఒకచోట చేపగా మారుతుంది. ముఖాలు పక్కవాటుగా, ఒకే పెద్ద కన్నుతో, ఒంటినిండా సన్నని గీతల నేతతో ఉంటాయి. నీళ్లు నిరాకరించేవాడినీ నీళ్లు అడిగేవాడినీ వేరుచేయటానికి ఆ పుస్తకం ఒంటిరంగు మీద ఆధారపడదు, వాడి నోటి నుంచి వచ్చిన మాటకు కొండి ఉందో లేదో పాఠకుడే చూసుకోవాలి.