అద్దె సాఫ్ట్‌వేరు, సొంత చిట్టా

మీ వీధిలోని మందుల షాపులోనో, హార్డ్‌వేరు కొట్టులోనో గల్లాపెట్టె పక్కనుండే కంప్యూటర్ తెరను ఈసారి కాస్త పరిశీలనగా చూడండి. బిల్లు వేసే ప్రోగ్రాం రెండు రకాలుగా ఉండవచ్చు. ఒకటి ఆ కంప్యూటర్‌లోనే ఎక్కించుకున్నది. రెండోది బ్రౌజర్‌లో తెరుచుకునేది. దాని ప్రోగ్రామూ, పద్దులూ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో ఉంటాయి. కొట్టు యజమాని నెలకో, ఏడాదికో చందా కడతాడు. ఈ రెండో పద్ధతి చిన్న వ్యాపారికి వరమని ప్రచారం జరుగుతోంది. వరమేనా? అయితే ఏ మేరకు?

ముందుగా ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. బ్రౌజర్ మొదట్లో పేజీలు చూపించే పరికరం మాత్రమే. ఒక అంకె మార్చినా పేజీ మొత్తం సర్వర్ నుంచి మళ్ళీ రావలసి వచ్చేది. అలాంటి తెర మీద రోజుకు రెండు వందల బిల్లులు వేయడం ఊహించండి! పేజీ కదలకుండా, కావలసిన ముక్కను మాత్రమే సర్వర్ నుంచి తెప్పించుకునే పద్ధతికి 2005లో అజాక్స్ అని పేరు పెట్టారు. అంతకుముందే ఉన్న పద్ధతే అయినా విరివిగా వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. అమెరికాలో 1999లో స్థాపించిన సేల్స్‌ఫోర్స్ కంపెనీ ఈ చందా వ్యాపారానికి బాట వేసిన వాటిలో ముఖ్యమైనది. మన దేశంలో చెన్నై కేంద్రంగా పనిచేసే నేటి జోహో సంస్థ 2005లో బ్రౌజర్‌లో రాసుకునే ప్రోగ్రాంతో ఈ రంగంలోకి వచ్చి, 2011లో చిన్న వ్యాపారాల కోసం పద్దుల ప్రోగ్రాం తెచ్చింది.

ఇది చవకగా ఎలా దొరుకుతుంది? దాని వెనుక ఉన్న ఉపాయం చాలా సులువైనది. వెయ్యి కొట్లకు వెయ్యి ప్రోగ్రాములు ఉండవు. అందరికీ ఒకే ప్రోగ్రాం, తరచుగా ఒకే డేటాబేస్. అందులోని ప్రతి వరుసకూ 'ఇది ఫలానా కొట్టుది' అని ఒక గుర్తు సంఖ్య తగిలిస్తారు. మీరు లాగిన్ కాగానే మీ సంఖ్య ఉన్న వరుసలే మీకు కనబడతాయి. ఒకే మేడలో వాటాలు వాటాలుగా అద్దెకున్నట్టు! మేడకు ఒకసారి మరమ్మతు చేస్తే అన్ని వాటాలకూ చేసినట్టే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ఈ లాభం స్పష్టంగా కనబడుతుంది. సర్వర్‌లో ఒక్కచోట మార్పు చేస్తే అందరి తెరల మీదా కొత్త శ్లాబులు వస్తాయి. అయితే తన కొట్టులోని ఏ సరుకు ఏ శ్లాబులో పడుతుందో సరిచూసుకునే బాధ్యత యజమానిదే. ప్రకటనలు ఈ మాట చెప్పవు.

రెండో లాభం ఇంకా పెద్దది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్ నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి వరదలో మునిగిన కంప్యూటర్‌లోనే పద్దులన్నీ ఉంటే, సరుకుతో పాటు ఎవరు ఎంత బాకీయో తెలిపే లెక్క కూడా పోతుంది. సర్వర్‌లో ఉన్న చిట్టా మాత్రం మరో ఊళ్ళో, ఫోన్ తెర మీద కూడా తెరుచుకుంటుంది. ప్రతి రాత్రీ పద్దులకు నకలు తీసి వేరేచోట దాచే కొట్లు ఎన్ని ఉంటాయి? ఈ ఒక్క కారణానికైనా చందా పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

డబ్బు విషయం క్లుప్తంగా చూద్దాం. లెక్క కోసం చందా నెలకు 750 రూపాయలనీ, ఒకేసారి కొనే ప్రోగ్రాం 25,000 రూపాయలనీ అనుకోండి. 34వ నెలలో చందా మొత్తం కొన్న ధరను దాటిపోతుంది. కానీ కొత్తగా కొట్టు పెట్టినవాడికి మొదటిరోజే 25,000 పెట్టడం కంటే ఆ డబ్బుతో సరుకు తెచ్చుకోవడమే మేలు కావచ్చు. కనుక ఖర్చు దగ్గరే తీర్పు చెప్పేయలేం. అసలు చిక్కు మరోచోట ఉంది.

కంప్యూటర్ శక్తి కూడా టెలిఫోన్‌లాగా ఒక ప్రజోపయోగ సేవ కావచ్చునని జాన్ మెకార్తీ 1961లోనే అన్నారు. నికొలస్ కార్ 2008లో వెలువడిన 'ది బిగ్ స్విచ్' అనే పుస్తకంలో ఈ పోలికను విద్యుత్తుతో విస్తారంగా చెప్పారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలు సొంత నీటిచక్రాలతో, ఆవిరి యంత్రాలతో నడిచేవి. తర్వాత వాటిని వదిలేసి కరెంటు తీగ తగిలించుకున్నాయి. కంప్యూటర్ కూడా ఆ దారినే పోతుందని ఆయన వాదన. చందా సాఫ్ట్‌వేరును సమర్థించేవారు నేటికీ ఈ పోలికనే వాడుతుంటారు. వినడానికి బాగుంది, చాలావరకు నిజం కూడా. కానీ చిన్న వ్యాపారి దగ్గరకు వచ్చేసరికి ఇది కుంటుతుంది.

ఎందుకంటే, విద్యుత్తుకు జ్ఞాపకం ఉండదు! మీరు వాడిన యూనిట్ల తాలూకు మీటరు లెక్క తప్ప మీదేదీ విద్యుత్ కేంద్రంలో మిగలదు. లైను పోయి జనరేటర్ వేసుకుంటే మీ ఫ్యాన్‌కు ఆ తేడా తెలియదు. పద్దుల ప్రోగ్రాం అలా కాదు. అరువు బాకీలు, సరుకు నిల్వ, టోకు వ్యాపారి ఇచ్చిన ధరలు అన్నీ రోజురోజుకూ అక్కడే పేరుకుంటాయి. మొదటి వారంలో మానేస్తే నష్టం లేదు. అయిదేళ్ళ తర్వాత మానేయడం ఇల్లు మారినంత పని. వాడేకొద్దీ బయటపడడం కష్టమవుతుంది. చందా పెంచే కంపెనీకి ఆ సంగతి బాగా తెలుసు.

ఇక్కడ చట్టాన్ని కూడా చూడాలి. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, నమోదైన వ్యాపారి వార్షిక రిటర్ను దాఖలు గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలి. చందా నెలకు, చట్టం అడిగేది ఆరేళ్ళకు! మూడో ఏట చందా ఆపినవాడు పాత చిట్టా కోసం అద్దె కడుతూనే ఉండాలా? పద్దులు ఫైలుగా దించుకోవచ్చు కదా అంటారు. దించుకోవచ్చు, కానీ ఆ ఫైలులో ఏముంటుందన్నది ప్రశ్న. ఒక మేస్త్రీ 4,000 రూపాయల బిల్లు ఒకటి, 1,500 రూపాయల బిల్లు ఒకటి అరువు పెట్టి, తర్వాత 3,000 కట్టాడనుకోండి. బిల్లులు ఒక ఫైలులో, రసీదులు మరో ఫైలులో వస్తే మొత్తం బాకీ 2,500 అని తేలుతుంది. కానీ ఆ 3,000లో ఎంత ఏ బిల్లుకు జమ అయిందో ఆ రెండు ఫైళ్ళలో లేకపోవచ్చు. అంకెలు బయటికొస్తాయి, వాటి మధ్య చుట్టరికం లోపలే ఉండిపోతుంది.

సర్వర్‌లో ఉన్నదంతా భద్రమనీ అనుకోకండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా కేంద్రం కాలిపోయినప్పుడు, వేరేచోట నకలు ఉంచుకోని ఖాతాదారులు కొందరు తమ డేటాను శాశ్వతంగా పోగొట్టుకున్నారు. నిప్పు లేకుండానే తలుపు మూసుకోవచ్చు కూడా. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. ఆ చమురు కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది, కొద్ది రోజుల్లోనే సేవలు తిరిగి వచ్చాయి. చిల్లర కొట్టు యజమాని మాత్రం హైకోర్టుకు వెళ్ళగలడా?

సొంతంగా ఎక్కించుకున్న ప్రోగ్రాం మచ్చలేనిదేమీ కాదు. దాని ఫైళ్ళూ తరచుగా దానికే అర్థమయ్యే పద్ధతిలో ఉంటాయి. అయితే ట్యాలీ వంటి దానికి శాశ్వత లైసెన్సు తీసుకుంటే, వార్షిక రెన్యువల్ ఆపినా పాత పద్దులు తెరుచుకుంటాయి. కొత్త సౌకర్యాలు మాత్రం రావు. నా దృష్టిలో చిన్న వ్యాపారికి ఈ తేడాయే అన్నిటికన్నా ముఖ్యం. ప్రకటనల్లో అందమైన తెరలకు ఇచ్చే చోటులో పదో వంతు కూడా దీనికి ఇవ్వరు.

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో కొట్టు ఉంటే ఒక ప్రయోగం చేయండి. చాలా కంపెనీలు కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూడనిస్తాయి. ఆ గడువులో పది బిల్లులు వేయండి. రెండింటికి సగం సగం డబ్బు జమ చేయండి, ఒక సరుకు వాపసు తీసుకోండి. తర్వాత అంతా ఫైలుగా దించి, ఉచితంగా దొరికే లిబ్రాఫీస్‌లో తెరవండి. ప్రోగ్రాంను మళ్ళీ చూడకుండా, ఏ బిల్లు మీద ఎంత బాకీ ఉందో కాగితం మీద రాయండి. తర్వాత తెరతో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే, చందా ఎంత అని అడిగేముందు ఆ తేడా ఎందుకొచ్చిందో ఆ కంపెనీనే అడగండి.