పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా

తాండూరు బండ మీద పొడిముగ్గు నిలవదు. పాలిష్ పట్టిన నాపరాయి నున్నగా ఉంటుంది. చీపురు గాలికే పిండి చెదిరిపోతుంది. అందుకే ఇల్లంతా మెరిసే బండలు పరిచినా, వాకిట్లో మటుకు గరుకు బండ వేయించుకునేవాళ్లున్నారు. లేకుంటే బండను తడిపి, తడి ఆరకముందే ముగ్గు పెట్టాలి. సాన్పి చల్లిన మట్టివాకిలి పిండిని పట్టుకున్నట్టు రాయి పట్టుకోదు.

రాయి చేసే మేలూ ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా బేసిన్ అనే ప్రాంతంలో, కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. పొరల వెంట చీలుతుంది కాబట్టి పలకలుగా వస్తుంది. వాటిని చదరాలుగా కోసి పరిచిన వాకిట్లో సందులే అడ్డం, నిలువు గీతలవుతాయి. చుక్కల వరుస వంకర పోకుండా చూసుకోవడానికి అంతకు మించిన కొలబద్ద అక్కర్లేదు. ఇంతటి రాయికి జనం పెట్టిన పేర్లు మాత్రం నాలుగైదు: నీలం బండ, పసుపు బండ, పాలిష్‌ది, గరుకుది. దాని మీద వేసే ముగ్గుల పేర్లు లెక్కపెట్టబోతే తెల్లారిపోతుంది.

ముగ్గుకు పేరు ఎలా పుడుతుంది? 2016లో జిల్లా కేంద్రమైన వికారాబాద్‌లోనైనా, తాండూరు గల్లీల్లోనైనా, సంక్రాంతి ముందర ఒక ఇంటి ముగ్గు పక్కింటివాళ్లకు నచ్చితే అడిగే తీరు ఒకటే. "ఎన్ని సుక్కలు వదినే?" జవాబూ అంత పొట్టిదే: "పదిహేను పెట్టు, ఎన్మిదొచ్చే దాంక, సందు సుక్క." ఈ జవాబులో బొమ్మ ఏమిటన్నది లేదు. పువ్వో చిలకో చెప్పలేదు. అయినా విన్నావిడకు నేల మొత్తం కళ్లముందు కనబడుతుంది. నడుమ వరుసలో పదిహేను చుక్కలు. దాని పైనా కిందా, రెండేసి చుక్కల సందులో ఒకటి చొప్పున పద్నాలుగు. ఆపైన పదమూడు. అలా రెండు వైపులా ఎనిమిదికి దిగేదాకా. అన్నీ కలిపితే 169 చుక్కలు, ఆరు మూలల ఆకారం. అదే పదిహేనును "ఒకటి దాంక, ఎదురు సుక్క" అంటే చుక్కకు ఎదురుగా చుక్క వస్తుంది, ఒక్కో వరుసలో రెండేసి తగ్గుతాయి, చివరకు నాలుగు మూలల ఆకారంలో 113 చుక్కలు తేలతాయి. రెండు మాటలు మారితే నేల రూపమే మారిపోయింది. పత్రికల సంక్రాంతి సంచికలు ముగ్గుల పేజీలో బొమ్మ కింద వేసేదీ ఈ ఒక్క వాక్యమే.

ఇది వేసే పద్ధతిని చెప్పే పేరు. చూపుకు తోచే పేరు తర్వాత వస్తుంది: తామర, తాబేలు, పాము, చెరకుగడల ముగ్గు, పండగ సాగనంపేటప్పుడు వేసే రథం ముగ్గు. రథానికి తాడు గీసి పక్కింటి ముగ్గుకు కలపడం దాకా ఆ పేరులోనే ఉంది. కొత్త ఆకారానికి కొత్త మాట కావాల్సి వస్తే మనవాళ్లు మొహమాటపడరు. స్టార్ ముగ్గు, డైమండ్ ముగ్గు, బార్డర్ ముగ్గు అలా వచ్చినవే. సరిహద్దు దాటి కలబురగి వైపు వెళ్తే ముగ్గు రంగోలి అవుతుంది, చుక్క చుక్కి అవుతుంది. చుక్కలు లెక్కపెట్టే అలవాటు మటుకు మారదు. నన్నడిగితే, ఏ పేరూ అతకని ముగ్గులే అన్నిటికన్నా గొప్పవి. పువ్వునీ పక్షినీ పోలనివాటిని ఇప్పటికీ చుక్కల లెక్కతోనే పిలుస్తారు. వాటికి ముద్దుపేర్లు తగిలించబోయిన పుస్తకాలు కొన్ని చూశాను, ఒక్కటీ నోట నిలవలేదు.

పట్టుపట్టి ఒక భాషనే తయారుచేసినవాళ్లు వేరే ఉన్నారు. చెన్నై పక్కన తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వారితో కమలా కృతివాసన్ కలిసి 1970లలో తమిళుల కోలాలకు వ్యాకరణం రాశారు. 1974లో వచ్చిన వారి పరిశోధన పత్రం కంప్యూటర్ శాస్త్రంలో బొమ్మల భాషలకు తొలి మెట్లలో ఒకటి. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి చేరి మాట అయినట్టు, చిన్న చిన్న గడులు అడ్డంగా, నిలువుగా చేరి కోలం అవుతుందని వారి లెక్క. తర్వాత 1986లో గిఫ్ట్ సిరోమణి, చంద్రశేఖరన్ మెలికల కోలాన్ని ఏడు కదలికలకు కుదించారు: ముందుకు పోవడం ఒకటి, కుడికి తిరగడంలో మూడు రకాలు, ఎడమకు మూడు. ఈ ఏడింటిని వరుసలో రాస్తే ఆ కోలాన్ని ఎప్పుడూ చూడని యంత్రం కూడా గీసేస్తుంది.

యంత్రానికి అది కావాలి. ప్రతి మలుపూ చెప్పకపోతే అది కదలదు. వదినె చెప్పిన వాక్యంలో ఒక్క మలుపూ లేదు, నేల కొలతలున్నాయంతే. గీత ఎటు తిప్పాలన్నది విన్నావిడ ఇష్టం. అందుకే ఒకే "పదిహేను, ఎనిమిది దాకా" నుంచి ఒక వాకిట్లో తామర పూస్తుంది, ఎదురింట్లో గుమ్మడిపండ్లు కాస్తాయి. ఈ మధ్య బజారులో దొరికే చిల్లుల అచ్చులకు, గుమ్మం ముందు అతికించే స్టిక్కర్లకు, బండ మీద ఆయిల్ పెయింట్‌తో ఒక్కసారే వేసి వదిలేసే ముగ్గులకు ఈ వాక్యంతో పనిలేదు. అవి అందంగా లేవని అనను. కానీ ఎన్ని చుక్కలని అడగడానికి అక్కడేమీ ఉండదు.

చేయి తిరిగినవారి పనితనం తెలిసేది మెలికల ముగ్గులోనే. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి సన్నగా జారుతుండగా గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరుగుతుంది, మరో గీతను దాటుతుంది, అంచుకు వచ్చి వంగి మళ్లీ లోపలికి పోతుంది. చేయి ఆగితే ఆగినచోట పిండి కుప్ప పడుతుంది, అందరికీ కనబడుతుంది. ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే జాతివారు ఇసుక మీద ఇలాగే చుక్కలు పెట్టి, వేలు ఎత్తకుండా గీస్తూ కథలు చెప్తారు. ఆ బొమ్మలను సోనా అంటారు. మొజాంబిక్‌లో స్థిరపడిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వాటిని ఏళ్ల తరబడి చదివి పుస్తకాలు రాశాడు.

అందులో ఒక లెక్క ఏ వాకిట్లోనైనా పరీక్షించుకోవచ్చు. మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టి, గీత అంచును తాకినప్పుడల్లా లోపలికి వంచుతూ పోతే ఒక్క గీతే అన్ని చుక్కలనూ చుట్టి మొదటికి వస్తుంది. నాలుగు వరుసల్లో నాలుగేసి పెడితే నాలుగు వేరువేరు గీతలు పడతాయి. రెండు అంకెల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని; బడిలో మనం విసుక్కుంటూ చేసిన గ.సా.భా. ఇదే. పదిహేను వరుసల్లో పదిహేనేసి చుక్కలైతే పదిహేను గీతలు. ఒక్క వరుస తీసేయండి, ఒక్క గీత మిగులుతుంది. కాకపోతే ఆ ఒక్క గీత ఎక్కడా తెగకుండా 210 చుక్కలు చుట్టి రావాలి. పొయ్యి మీద పొంగలి పెట్టుకున్నావిడ ఆ జోలికి పోదు.