బడి తొలి ఏడు, ఇంటి చదువు: ఒక పరిశీలన

1823 ఆగస్టులో బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు సంవత్సరం గవర్నరు సర్ థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని దేశీయ పాఠశాలల వివరాలు సేకరించవలసిందిగా ఆదేశించాడు. ఆ ఆదేశానికి సమాధానమే ఈ నివేదిక. తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రచించిన క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 పాఠశాలలు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారనీ, ఆ పాఠశాలల్లో 226 తెలుగువనీ లెక్క తేల్చాడు. ధరంపాల్ 1983లో ప్రచురించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ గ్రంథం ద్వారా ఈ నివేదిక నేటి పాఠకులకు అందుబాటులోకి వచ్చింది.

చరిత్ర విద్యార్థిగా నన్ను ఆకర్షించినది ఆ లెక్కలకంటె అందులోని ఒక చిన్న వర్ణన. పిల్లవానికి అయిదో ఏట చదువు ప్రారంభించే రోజున ఉపాధ్యాయుడు, బడిపిల్లలు కలసి అతని ఇంటికి వచ్చేవారట. అందరూ వినాయకుని ప్రతిమ చుట్టూ కూర్చునేవారట. గురువు ఆ పిల్లవాని వేలు పట్టుకొని బియ్యంలో దైవనామం వ్రాయించేవాడట. ఆ తరువాతనే పిల్లవాడు బడికి వెళ్ళేవాడు. అంటే తొలి పాఠం ఇంటిలో, ఇంటివారి సమక్షంలో, ఇంటి బియ్యంలోనే జరిగేది.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఆ బడులలో బాలికల సంఖ్య నామమాత్రం. అర్థం తెలియని పద్యాలను పిల్లలు వల్లె వేస్తున్నారని క్యాంప్‌బెల్ స్వయంగా ఆక్షేపించాడు. అయినప్పటికీ బడి మొదటి అడుగు ఇంటివైపు పడిన ఆ ఆచారం నేటి విధానాలను పరిశీలించడానికి మంచి కొలబద్ద కాగలదు.

గత కొన్నేళ్ళలో పసిపిల్లల చదువు గురించి ఢిల్లీ నుండి వెలువడిన పత్రాలు తక్కువేమీ కావు. 2020 జులైలో జాతీయ విద్యావిధానం వచ్చింది. 2021 జులైలో నిపుణ్ భారత్ కార్యక్రమం, అదే నెలలో ఒకటో తరగతిలో చేరే పిల్లలకోసం మూడు నెలల ‘విద్యాప్రవేశ్’ ప్రణాళిక ప్రారంభమయ్యాయి. 2022 అక్టోబరులో పునాది దశకు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, 2023 ఫిబ్రవరిలో ఆటవస్తువులు, బొమ్మలు, కథల పుస్తకాలు, పజిళ్ళు కూడిన ‘జాదూయీ పిటారా’ వెలువడ్డాయి. ఆటయే చదువుకు మార్గమని, మాతృభాషయే దానికి వాహనమని ఇవన్నీ ముక్తకంఠంతో చెబుతున్నాయి. 1993లో యశ్‌పాల్ సంఘం బరువులేని చదువును కోరిన నాటినుండి చూస్తే ఇది గణనీయమైన ప్రగతి. రెండో తరగతి వరకు ఇంటిపని ఇవ్వరాదని 2020 నాటి పుస్తకాల సంచీ విధానం స్పష్టంగా చెప్పింది.

కాగితం మీది ఆశయం గడప దాటి ఇంట్లోకి వచ్చేసరికి ఏమవుతున్నది? రాజధానిలోని అనేక ఇళ్ళలో ‘హోంవర్క్’ అనే మాట పోయి ‘యాక్టివిటీ’ అనే మాట వచ్చింది. పిల్లవాడు చేయవలసిన పని పేరిట చార్టు కాగితం, స్కెచ్ పెన్నులు, ముద్రించిన బొమ్మలు కొనవలసి వస్తున్నది. రాత్రి పదిగంటలకు తల్లి వాటిని కత్తిరించి అంటిస్తుంది. పిల్లవాడు అప్పటికే నిద్రపోయి ఉంటాడు. మరునాడు ఉపాధ్యాయిని మెచ్చుకొనేది తల్లి పనితనాన్ని. ఇందులో పిల్లవాని వాటా పటాన్ని బడికి మోసుకుపోవడం మాత్రమే.

ఈ వక్రగతికి కారణం బడుల అత్యుత్సాహం ఒక్కటే కాదు. పత్రాలలో తల్లిదండ్రుల ప్రస్తావన విరివిగా ఉన్నా, వారు ప్రధానంగా సూచనలు అందుకొనేవారుగానే కనిపిస్తారు. ఇంటికి తనదైన విద్య ఒకటి ఉన్నదన్న గుర్తింపు అక్కడక్కడ తొంగిచూస్తుంది గాని, కార్యక్రమానికి ఆధారం కాలేదు. ఇల్లు బడికి ఒక శాఖా కార్యాలయం అన్నట్లు భావించిన చోట ఇటువంటి ఫలితమే వస్తుంది.

తెలుగు ఇంటిని ఉదాహరణగా తీసుకొందాం. వామనగుంటలు ఆడే పిల్ల ఒక గుంటలోని చింతగింజలన్నీ తీసి, గుంటకు ఒకటి చొప్పున వదులుతూ పోతుంది. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అంకె అన్న గణితసూత్రం ఆమె వేళ్ళకు ముందు తెలుస్తుంది, నోటికి తరువాత వస్తుంది. కొంత అలవాటైన పిల్ల చివరి గింజ ఏ గుంటలో పడుతుందో ముందే ఊహించి మరీ గింజలు తీస్తుంది. చుక్కల ముగ్గులో వరుస వరుసకు చుక్క తగ్గించడం తీసివేతకు తొలిమెట్టు. చేయి వణకకుండా గీత తిప్పడం వ్రాతకు తొలిమెట్టు. పొడుపుకథ విప్పడమంటే లక్షణాలను బట్టి వస్తువును నిర్ణయించడం.

వీటన్నిటికంటె నాకు విశేషంగా తోచేది పిల్లల ‘క’ భాష. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి ‘నేను’ అనడానికి ‘కనే కను’ అంటారు. పెద్దలకు అర్థం కాకుండా మాట్లాడుకోవడం దీని ప్రయోజనమని పిల్లలు అనుకొంటారు. నిజానికి మాటను అక్షరాలుగా విడగొట్టగల చెవి లేనిదే ఈ భాష ఒక్క వాక్యం కూడా సాగదు. చదవడం నేర్చుకొనేవారికి ముందుగా కావలసిన శక్తి అదే. అక్కను చూసి చెల్లి నేర్చుకొనే ఈ విద్యకు ఖర్చు లేదు, పరీక్ష లేదు. అయితే ఇది మాటలో తప్ప కాగితంలో ఇమిడే విద్య కాదు. పిల్లలకు ధారాళంగా వచ్చిన భాషలో తప్ప ఇది పుట్టదు కూడా.

ఢిల్లీ తెలుగువారికి చిక్కు సరిగ్గా ఇక్కడే ఎదురవుతుంది. మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన సంవత్సరం బడివారు మమ్మల్ని పిలిచి, ఇంటిలో తెలుగు మాని ఇంగ్లీషు గాని, కనీసం హిందీ గాని మాట్లాడితే పాప త్వరగా అందుకొంటుందని హితవు చెప్పారు. విద్యాధికులమైన మేమిద్దరం ఎదురుచెప్పకుండా ఆ సలహా పాటించాము. నాలుగు నెలల్లో పాప వర్క్‌షీట్లు చక్కగా నింపసాగింది. కాని ఇంట్లో మాటలు తగ్గాయి. మేము ఇంగ్లీషులో అడిగేవి ప్రశ్నలు, ఆమె చెప్పేవి ఒకటి రెండు మాటల జవాబులు. మాకు కథ చెప్పడానికి ఆ భాష చాలలేదు. దసరాకు వచ్చిన మా అమ్మ మూడు రోజులు చూసి, “పిల్ల నాతో మాట్లాడటం లేదేమిరా, కోపమా?” అని అడిగింది. పాపకు కోపం లేదు, మాట తోచడం లేదు. ఆ రోజు నుండి మేము తిరిగి తెలుగులోకి వచ్చాము. బడి ఇచ్చిన సలహాకు బడిని మాత్రమే తప్పుపట్టలేను. దానిని పాటించినది మేము.

వారి సలహాలోని లోపం సిద్ధాంతపరమైనది. అక్షరాన్ని, లిపిని బడి నేర్పగలదు. అక్షరం వెనుక నిలిచే అర్థం, కార్యకారణ సంబంధం, సంఘటనలను వరుసగా చెప్పే నేర్పు ఇంటి సంభాషణలో పెరుగుతాయి. ఒక భాషలో గట్టిపడిన ఈ నేర్పు రెండో భాషకు తోడుపోతుంది. మొదటి భాషను ఆపి రెండోదానికి చోటు చేద్దామనుకొంటే రెండింటికీ నష్టమే.

ప్రవాసాంధ్రులలో కొందరు దీనికి పరిహారంగా ఊరినుండి పెద్ద బాలశిక్ష తెప్పించి పిల్లల ముందు ఉంచుతారు. వారి అభిమానం గౌరవించదగినది. పందొమ్మిదో శతాబ్దంలో పుదూరి సీతారామశాస్త్రి చేతిలో రూపుదిద్దుకొని తరతరాలుగా పెరుగుతూ వచ్చిన ఆ గ్రంథం విలువ కాదనలేనిది. అయితే అది పెద్దలు ప్రక్కన కూర్చొని విప్పి చెప్పవలసిన పుస్తకం. ఇంట్లో తెలుగు మాట వినని పిల్లకు గుణింతాల పట్టిక మరొక వర్క్‌షీటు మాత్రమే. ముందు మాట, తరువాత పుస్తకం.

ఇదంతా తీరిక ఉన్న మధ్యతరగతి ముచ్చట అన్న ఆక్షేపణ రావచ్చు. అది తోసిపుచ్చదగినది కాదు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి నిర్మాణస్థలంలో కూలీల పిల్లలు దుమ్ములో పడి ఉండడం చూసి మీరా మహాదేవన్ మొబైల్ క్రెచెస్ సంస్థను ప్రారంభించారు. రాజధాని పరిసరాలలో నేటికీ అటువంటి తల్లులు ఉన్నారు. పనినుండి వచ్చి పొయ్యి వెలిగించే తల్లికి విడిగా ఒక గంట, ఒక స్మార్ట్‌ఫోను ఉంటాయని ఊహించే ఏ ప్రణాళికయైనా ఆమెను అవమానించినట్లే. కాని బియ్యం ఏరుతూ రాళ్ళు లెక్కించమనడానికి, బట్టలు మడుస్తూ చిన్నవి పెద్దవి వేరు చేయమనడానికి, నడుస్తూ కథ చెప్పడానికి విడి సమయం అక్కరలేదు. పనిలోనే చదువు ఉన్నదని ఆమెకు ఎవరైనా గౌరవంగా చెప్పాలి, ఆమె భాషలో చెప్పాలి.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఈ నగరంలో తెలుగుకు బడిలో చోటు కల్పించింది. ప్రతి కాలనీలోనూ అటువంటి బడి సాధ్యం కాదు. సాధ్యమైనది ఒకటి ఉన్నది. విద్యాప్రవేశ్ మూడు నెలలలో మొదటి వారాన్ని ఇళ్ళ పరిచయానికి కేటాయించవచ్చు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లలకు ఏ ఆటలు వచ్చు, కథ చెప్పేవారు ఎవరు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉపాధ్యాయిని నోటుపుస్తకంలో చేరిన తరువాతనే జాదూయీ పిటారా తెరవవచ్చు. వీలైనచోట ఒక నాయనమ్మనో, తాతయ్యనో తరగతికి ఆహ్వానించవచ్చు. ఇందుకు కొత్త పత్రం గాని, కొత్త నిధులు గాని అవసరం లేదు.

మా అమ్మ ఈ ఏడు సంక్రాంతికి చింతగింజలు కట్టి పంపింది. వామనగుంటల పీట దొరకక, గుడ్ల అట్టను కత్తిరించి వరుసకు ఏడు చొప్పున గుంటలు తయారుచేశాము. ప్రక్కింటి పంజాబీ బాబు కూడా వచ్చి ఆడుతున్నాడు. వాడు గింజలను తన భాషలో లెక్కిస్తాడు, మా పాప తెలుగులో లెక్కిస్తుంది. ఇద్దరి లెక్కా సరిపోతున్నది.