కర్ర ఎత్తకుండా ఆడే హాకీ

హాకీ కర్ర చేతికివ్వగానే ఎవరైనా చేసే మొదటి పని, దాన్ని వెనక్కి ఎత్తి బలంగా బాదడం. ఫ్లోర్‌బాల్‌లో ముందు మానుకోవలసింది అదే. బంతిని కొట్టబోతూ కర్రను నడుము పైకి ఎత్తితే ఫౌల్. ఎదుటివాడి కర్రను కొట్టినా, పైకి లేపినా ఫౌల్. తలతో ఆడకూడదు, చేత్తో ఆపకూడదు. ఒంటి తాకిడి భుజానికి భుజం ఆనించడం వరకే. ఇన్ని వద్దులు పెడితే ఇక ఆడేదేముంది అనిపిస్తుంది గానీ, ఈ ఆటలోని పనితనమంతా ఆ వద్దుల వల్ల వచ్చిందే.

మంచు మీద ఆడే హాకీకి పేరున్న స్వీడన్‌లో, స్కేట్లూ మంచూ అక్కర్లేకుండా వ్యాయామశాలల చెక్క నేల మీద 1970లలో రూపు దిద్దుకున్న ఆట ఇది. అంతకుముందే అమెరికాలో తయారైన ప్లాస్టిక్ కర్రలు దీనికి మూలం. 1979లో సాలా అనే ఊళ్లో తొలి క్లబ్బు పెట్టారు. 1986లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కలిసి అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించాయి. 1996లో జరిగిన పురుషుల తొలి ప్రపంచ పోటీల్లో స్వీడన్ గెలిచింది. ఆ పట్టు సడలడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ప్రాగ్‌లో ఫిన్లాండ్ అదనపు సమయంలో 7-6తో స్వీడన్‌ను ఓడించింది.

కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. చుట్టూ అర మీటరు ఎత్తు పలకల గోడ, మూలలు గుండ్రంగా ఉంటాయి. అందుకే బంతి ఊరికే బయటికి పోదు, ఆట ఊరికే ఆగదు. క్యారమ్స్‌లో స్ట్రయికర్‌ను అంచుకు కొట్టి కాయిన్ మీదికి తెచ్చినట్టు, ఇక్కడ గోడకు కొట్టి సహచరుడికి పాస్ ఇస్తారు. జట్టుకు గోలీ కాక ఐదుగురు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. పరుగు ఎంత తీవ్రంగా ఉంటుందంటే, నిమిషం తిరక్కుండానే ఐదుగురూ బయటికెళ్లి మరో ఐదుగురు దిగుతారు.

బంతి బరువు 23 గ్రాములే. ఒంటి నిండా 26 రంధ్రాలు. ఇంత తేలిక బంతిని బాదితే అదుపు తప్పుతుంది. అందుకే మంచి ఆటగాడు ముందు నేర్చేది లాగి వదలడం. బంతిని ఒంటికి కాస్త వెనగ్గా, బ్లేడు మడమ దగ్గర పెట్టుకుంటాడు. పై చెయ్యి కర్ర కొసన ఉంటుంది, కింది చెయ్యి కర్రను నేలకు అదుముతుంది. ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారుతుండగా బంతిని బ్లేడు వీడకుండా ముందుకు ఈడుస్తాడు. చివర మణికట్టు తిప్పుతాడు. వంగిన కర్ర నిటారవుతూ బంతిని విసురుతుంది. గోలీకి ముందస్తు సూచన దాదాపు దొరకదు. మన హాకీలో కర్ర చదునువైపే బంతి తగలాలి. ఇక్కడ బ్లేడు రెండు వైపులా వాడొచ్చు కాబట్టి, మణికట్టు ఒక్కసారి తిప్పితే బంతి అటునుంచి ఇటొస్తుంది.

అన్నిటికన్నా విచిత్రం గోలీ. అతడికి కర్రే ఉండదు. ముఖానికి జాలీ, మోకాళ్లకు మెత్తలు కట్టుకుని, మోకాళ్ల మీదే కూర్చుని ఒంటితో, చేతులతో అడ్డుకుంటాడు. బంతి చేతికి చిక్కితే మూడు సెకన్లలో వదిలేయాలి.

బలవంతుడిదే పైచేయి కాకపోవడం ఈ ఆటలో నాకు నచ్చే గుణం. బళ్లలో ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఆడటానికి ఇంత అనువైన కర్రాట మరొకటి లేదనే అంటాను. 2011లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు వచ్చింది గానీ, ఒలింపిక్స్‌లో చోటు ఇంకా దక్కలేదు.

మొదలుపెట్టేవారికి బ్యాడ్మింటన్ హాలైనా చాలు. కర్రను నేల మీద నిలబెడితే బొడ్డు దాకా రావాలి. ఏ చెయ్యి కింద ఉంటే మీకు సుఖమో, బ్లేడు వంపు ఆ చేతివాటానికి సరిపోయేలా చూసుకోండి. పిల్లలు ఆడితే కళ్లకు రక్షణ అద్దాలు పెట్టించండి. తేలికదే అయినా దగ్గర్నుంచి వచ్చిన బంతి కంటికి ప్రమాదమే.