బండి చక్రం, పల్లకి బొంగు: మల్లీశ్వరికి ఒక పోస్టరు

సినిమాను ఒక్క వస్తువుకు, ఒకటి రెండు గీతలకు కుదించి చూపే పోస్టర్లను మినిమలిస్టు పోస్టర్లంటున్నారు. వాటిలో తారల ముఖాలుండవు. ఖాళీ జాగా ఎక్కువ, గీత తక్కువ. ఈమధ్య కాలంలో చాలామంది తమకు నచ్చిన సినిమాలకు సొంతంగా ఇలాంటివి గీసుకుంటున్నారు, కొందరు వాటికి కదలిక కూడా కడుతున్నారు. పైకి కుర్రకారు సరదాలా కనిపించే ఈ పని నా దృష్టిలో విమర్శే. మూడు గంటల సినిమాలో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడం కన్నా విమర్శకులం మనం చేసేది మాత్రం ఏముంది? వ్యాసంలోనయితే ‘అయినప్పటికీ’, ‘మరోవైపు’ అంటూ తప్పించుకునే సందులుంటాయి. పోస్టరులో ఆ వెసులుబాటు లేదు. తీసేసింది తీసేసినట్టే.

కుదింపు అమాయకమైన పని కాదని కర్నూలు, కడప జిల్లాల వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర, వాటి వెనక వచ్చిన మరెన్నో సినిమాలు కలిసి రాయలసీమను ఒక వేటకొడవలికీ, ఒక సుమో బండికీ, దాని వెనక లేచే ఎర్రదుమ్ముకూ కుదించి గోడలకెక్కించాయి. మినిమలిజం అన్న మాట మాదాకా రాకముందే మా నేలమీద దాన్ని ప్రయోగించేశారు. ఆ కుదింపులో ఆడవాళ్లకు మిగిలింది చెరిపిన బొట్టు, పగిలిన గాజులు. వయసులో ఉన్న పిల్లయితే ఎవరో ఒకరు వచ్చి కాపాడాలి. ఒక్కడు (2003)తో కర్నూలు కొండారెడ్డి బురుజు తెలుగువాళ్లందరికీ బొమ్మగా తెలిసింది. ఆ సినిమాలో కర్నూలు నుంచి తప్పించుకోవలసింది ఒక అమ్మాయి. పేరు మాత్రం ‘ఒక్కడు’.

ఇదే నేల నుంచి వెళ్లినవాడు బి.ఎన్. రెడ్డి. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో 1908లో పుట్టాడు. దక్షిణాది సినిమావాళ్లలో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మొదట అందుకున్నది ఆయనే. 1951లో వాహినీ వారికి ఆయన తీసిన మల్లీశ్వరి నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని సినిమా. కడపలో డిగ్రీ విద్యార్థినులకు సినిమా, సాహిత్యం మీద రెండు రోజులు తరగతి తీసుకున్నప్పుడు చివరి అభ్యాసంగా దీనికి ఒక మినిమలిస్టు పోస్టరు గీద్దామన్నాను. వాళ్లతోపాటు నేనూ గీశాను. తర్వాత దానికి పన్నెండు సెకన్ల కదలిక కట్టాను.

కథ మీకు తెలిసిందే. మల్లి, నాగరాజు మేనబావా మరదళ్లు. తిరునాళ్ల నుంచి బండిమీద వస్తూ వానకు ఒకచోట తలదాచుకుంటారు. అక్కడ మల్లి పాడి ఆడుతుంది. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, పెద్దన చూస్తారు. వాళ్లెవరో తెలియని నాగరాజు, మా మల్లికి రాణివాసపు పల్లకి పంపించమని రాయలవారితో చెప్పండి అని వేళాకోళమాడతాడు. తర్వాత ఆ పల్లకి నిజంగానే వస్తుంది. బావ ఆట్లాడిన మాట, రాజు ఇచ్చిన మాట, తల్లికి నగలమీది ఆశ, ఈ మూడింటి మధ్య మల్లి నోటిమాట ఎక్కడా లేదు. రాణివాసంలో అడుగుపెట్టాక ఆమె పరపురుషుణ్ణి కలిస్తే మరణశిక్ష.

ఈ సినిమాకు మూలమని చెప్పే రచనలు రెండు. ఒకటి బుచ్చిబాబు ‘రాయలవారి కరుణకృత్యము’, రెండోది దేవన్ షరార్ ఇంగ్లీషు కథ ‘ది ఎంపరర్ అండ్ ది స్లేవ్ గర్ల్’. రెండు పేర్లలోనూ రాజే ముందున్నాడు. ఒకదాంట్లో ఆమె బానిస పిల్ల, ఇంకోదాంట్లో ఆమె ఊసే లేదు, ఆయన దయ మాత్రం ఉంది. బి.ఎన్. రెడ్డి ఆ రెంటినీ పక్కనపెట్టి ఆమె పేరొక్కటే ఉంచాడు. మల్లీశ్వరి మీద మొదటి మినిమలిస్టు పని అదే అంటాను నేను. నా పోస్టరులో రాజు లేడేమని అడిగినవాళ్లకు కూడా ఇదే చెప్పాను: ఆయన్ను పేరులోంచి దర్శకుడే తీసేశాడు.

తరగతిలో ఎక్కువమంది మొదట గీసింది మల్లెపువ్వు. పేరు మల్లి కాబట్టి మల్లె. సులువుగా తడుతుంది, చూసినవాళ్లూ గుర్తుపడతారు. అయితే పువ్వు ఏం చేస్తుంది? పూస్తుంది, వాడుతుంది, కోస్తే కోయించుకుంటుంది. రెండో గుంపు ఉలి గీసింది, ఉలి పక్కన రాతిలో సగం తేలిన ఆడరూపం. మల్లిని పోగొట్టుకున్న నాగరాజు కొండరాళ్లమీద ఆమె రూపం చెక్కే ఘట్టం గొప్పదే, కాదనను. కానీ దాన్ని పోస్టరుకు ఎక్కిస్తే సినిమా ఆయన దుఃఖం అవుతుంది, ఆమె ఆ దుఃఖానికి దొరికిన రాయి అవుతుంది. ఆ పాత్ర వేసిన భానుమతి ఎవరు? ‘అత్తగారి కథలు’ రాసిన మనిషి, 1953లో చండీరాణిని మూడు భాషల్లో తానే డైరెక్టు చేసిన మనిషి. ఆమెను ఉలిముందు కదలకుండా నిలబెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

బయటి ఉదాహరణలు చూపిద్దామని సాల్ బాస్ పోస్టర్లు పెట్టాను. హిచ్‌కాక్ వెర్టిగో (1958) పోస్టరులో సుడి మధ్య ఇద్దరు పడిపోతుంటారు. మగమనిషి నిండు నలుపు, ఆడమనిషి ఉత్త గీత. ఆయన దేహం, ఆమె ఆయన కంటికి కనిపించిన రూపురేఖ. సినిమాలో ‘చూపు’ గురించి లారా మల్వీ 1975లో రాసిన వ్యాసంలో ఈ సినిమా ఎందుకు అంత ముఖ్యమైందో ఆ పోస్టరు ఒక్క బొమ్మలో చెప్పేస్తుంది. అది బాస్ చేసిన విమర్శో, ఆయనకు తెలియకుండా బయటపడ్డ నిజమో నేను తేల్చలేను. ఆయన పక్కన పనిచేసిన ఎలేన్ బాస్ సంగతి ఇంకా ఆసక్తికరం. స్పార్టకస్ (1960) నాటి నుంచీ టైటిల్ దృశ్యాల్లో ఆమె చెయ్యి ఉంది. చాలాకాలం లోకం నోట ఆయన పేరే. ఇద్దరూ కలిసి చేసిన ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్ (1993) టైటిళ్లలో లేసుగుడ్డ, చేతిరాతల కింద పూలు ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటూనే ఉంటాయి. అవి చూశాక మల్లె గీసిన పిల్లల్లో ఒకమ్మాయి, “అయితే పువ్వుతో తప్పు లేదు కద మేడం, దాన్ని ఊరికే కూచోబెట్టడమే తప్పు” అంది. బొమ్మను కదిలించాలన్న ఆలోచన నాకు అక్కణ్ణుంచే గట్టిపడింది.

తెలుగులో ‘కదలడం’ వేరు, ‘కదిలించడం’ వేరు. ‘మల్లి వెళ్లింది’, ‘మల్లిని పంపారు’ అన్న రెండు వాక్యాల మధ్య సినిమా అంతా ఉంది. నిశ్చలమైన పోస్టరు ఈ తేడాను దాచేస్తుంది. బొమ్మ కదిలితే మాత్రం ఏది తనంత తాను కదులుతోంది, దేన్ని ఎవరు మోస్తున్నారు అన్నది చెప్పక తప్పదు. అందుకని రెండు వాహనాలే తీసుకున్నాను: బండి, పల్లకి. బండిమీద మల్లి బావ పక్కన కూర్చుని దారిని చూస్తూ, ఎద్దులను అదిలిస్తూ పాడుతుంది. పల్లకిలో తెర వెనక ఉంటుంది. ముందుదానికి చక్రం ఉంది. వెనకదానికి మనుషుల భుజాలున్నాయి.

రంగులకు దూరం పోలేదు. ఎర్రగుంట్ల వైపు, బేతంచెర్ల వైపు రోడ్డుపక్కన నిలువుగా ఆనించిపెట్టే నాపరాళ్లు చూసే ఉంటారు. పొడిరాయి బూడిదరంగు, తడిస్తే నలుపు. నా పోస్టరుకు నేల ఆ రాయి, గీత సున్నపు తెలుపు. ఎరుపు పెట్టలేదు. మా వైపు ఎరుపును రక్తానికే వాడి వాడి అరగదీశారు. వానను కూడా పైనుంచి పడే గీతలుగా గీయలేదు. రాయి ఎడమనుంచి కుడికి మెల్లగా నల్లబడుతుంది, అంతే. ఎండిన నేలమీద వాన వచ్చిందని మనకు ముందు తెలిసేది మట్టి రంగులోనే కదా.

కదలిక సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 288. మొదటి అయిదు సెకన్లు చక్రం. దాని అడ్డుకొలత 210 పిక్సెళ్లు. ఒక చుట్టు తిరిగితే సరిగ్గా 660 పిక్సెళ్లు ముందుకు జరగాలి. ఆ లెక్క తప్పితే బండి నడవదు, జారుతుంది. తిరగడం, జరగడం ఒకదానికొకటి కట్టుబడి ఉంటేనే చూసేవాళ్లకు బరువు తెలుస్తుంది. అక్కడక్కడ రాయి తగిలినట్టు రెండు ఫ్రేముల కుదుపు పెట్టాను. వాన అందుకోగానే చక్రం ఆగుతుంది. ఆగినచోటనే తెగి, విప్పుకుని, 660 పిక్సెళ్ల నిటారు గీత అవుతుంది. అదే పల్లకి బొంగు. కింద ఒక చతురస్రం, అందులో నిలువుగీతలు. అది తెర. ఆ పిల్ల తిరిగిన దూరమే ఆమెను మోసుకుపోయే బొంగు కావడం నేను కల్పించింది కాదు, లెక్కలోంచి వచ్చింది. అందుకే దాన్ని అట్లానే ఉంచాను.

ఇక్కడ బోయీల సమస్య వచ్చింది. పల్లకి అనగానే మనకు శ్రీశ్రీ గుర్తొస్తాడు. మోసినవాళ్లెవరని ఆయన అడిగాక బోయీలను వదిలేసి పల్లకి గీయడం ఏ తెలుగువాళ్లకయినా కష్టం. గీతలు తగ్గించే పేరుతో ముందు ఎగిరిపోయేది ఎప్పుడూ పనిచేసేవాళ్లే. అందుకని బొంగు కింద నాలుగు చుక్కలు పెట్టాను, ఒకదాని వెనక ఒకటి నేలను తాకే పాదాలుగా. అయితే శ్రీశ్రీ అడగని ప్రశ్న ఇంకొకటుంది. ఎక్కినవాళ్లు ఎప్పుడూ ప్రభువులేనా? తెర లోపల తన ఇష్టం లేకుండా కూర్చున్న మనిషి సంగతేమిటి? బోయీల అడుగుకు తెర ఒక లయలో ఊగుతుంది. చివరి మూడు సెకన్లలో తెరలోని ఒకే ఒక్క గీత ఆ ఊపుకు ఎదురు కదులుతుంది, ఒక్కసారి, లోపలినుంచి. చెయ్యి చూపించమని అందరూ అడిగారు. చూపించలేదు. చెయ్యి చూపిస్తే గాజులు గీయాలి, గాజులు గీస్తే మళ్లీ పాత పోస్టరే.

ఇది మరీ కొత్త ఆలోచనేమీ కాదు. జర్మనీలో లొటె రైనిగర్ 1926లోనే కత్తెరతో నల్లకాగితం కత్తిరించి, కీళ్లు కట్టి, ఒక్కో ఫ్రేము కదిపి పూర్తి నిడివి సినిమా తీసింది. మన పక్కనే అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్లు తరతరాలుగా తెరవెనక దీపం పెట్టి చేస్తున్నది ఈ పనే. తేడా ఏమంటే రైనిగర్ బొమ్మ వెలుగును అడ్డుకుంటుంది, తోలుబొమ్మ వెలుగును తనలోంచి రానిస్తుంది. నా పల్లకి తెరకు ఆ రెండో గుణం కావాలనిపించి నిలువుగీతల మధ్య రాయికంటే ఒక్క పిసరు లేతరంగు నింపాను. లోపల ఎవరో ఉన్నారని తెలియడానికి అది చాలు.

ప్రొద్దుటూరులో మా పెద్దమ్మకు చూపిస్తే ఆమె సినిమా సంగతి ఎత్తనే లేదు. “బండికి తెర లేదేమి?” అంది. ఆమె కాపురానికి వచ్చింది గూడుబండిలో, ముందూ వెనకా దుప్పట్లు కట్టి. పెద్దింటి ఆడవాళ్లను ఘోషాలో ఉంచిన ఊళ్లలో బండికీ పల్లకికీ అంత దూరం లేదు. బండి స్వేచ్ఛ, పల్లకి చెర అన్న నా విభజన మల్లి ఎక్కిన ఆ తెరలేని బండికే వర్తిస్తుంది. ఆ పరిమితిని అట్లానే ఒప్పుకుని పోస్టరు ఉంచాను, అది ఆ సినిమా పోస్టరు కాబట్టి.

తరగతిలో మరో అమ్మాయి వేసిన ప్రశ్న ఇంతకన్నా లోతుగా దిగింది. “మా తాత కాలంలో మావాళ్ల పెండ్లికి పల్లకీ ఎక్కనిచ్చేటోళ్లు కాదంట మేడం. మీరేమో దాన్ని జైలంటాండారు.” దళితుల పెళ్లి ఊరేగింపు వీధిలోకి వస్తే దాడులు జరిగిన చరిత్ర ఈ దేశంలో ఇంకా ముగియలేదు. ఒకరికి చెర అయిన వస్తువే ఇంకొకరికి అందనివ్వని గౌరవం. మల్లీశ్వరిలో ఈ ప్రశ్న లేదు. సినిమాలో లేని దాన్ని పోస్టరు ఎంతవరకు మొయ్యాలి? దానిమీద ఆ పూట తరగతంతా రెండుగా చీలిపోయింది. సినిమాకు కట్టుబడే గీయాలని సగంమంది, సినిమా వదిలేసినదే గీయాలని సగంమంది.

ఆ అమ్మాయి తన పోస్టరు తను గీసుకుంది. అందులో పల్లకి నేలమీద దించి ఉంది. తెర లేదు, లోపల ఎవరూ లేరు, మోసేవాళ్లూ లేరు. బొంగుకు ఒక పక్కన వరుసగా అడుగుజాడలు. కదలిక కట్టమన్నప్పుడు పల్లకిని అసలు కదపలేదు. అడుగులు మాత్రం ఒక్కొక్కటే పడుతూ, పల్లకి పక్కనుంచి దాటి, పోస్టరు అంచు వైపు నడిచాయి. అవి ఆడమనిషివా మగమనిషివా అని ఎవరో అడిగారు. “సైజు చూడండి” అంది.